కిరాయి గది, సర్కారు మరమ్మతు, ఇంటి యజమాని

1

మన ఉత్తర తెలంగాణ జిల్లాల్లో "అద్దె" అనే మాట పుస్తకాలకూ పత్రికలకూ పరిమితం. జనం నోట వినిపించేది "కిరాయి". పొలానికి కౌలు, ఇంటికి కిరాయి. కౌలుదారును గురించి మన ఉద్యమాలు పోరాడినవి, మన కథకులు రాసినారు, శాసనసభలు చట్టాలు చేసినవి. దున్నేవానిదే భూమి అనే సూత్రం 1946 నుంచి 1951 వరకు సాగిన సాయుధ పోరాటంలో తెలంగాణ ప్రజలకు అనుభవంలోనే తెలిసివచ్చింది. కాని కిరాయిదారును గురించి మనం ఆలోచించినది బహుస్వల్పం. మన సాహిత్యంలో కిరాయిగది చాలావరకు ఒక నేపథ్యం మాత్రమే. ఊరు విడిచినవాడు పట్నంలో దిగే చోటు అది. అక్కడినుంచి కథ మిల్లులోకో వీధిలోకో నడిచిపోతుంది. ఆ గది ఎవరిది? కప్పు కారుతుంటే బాగు చేయించవలసినవాడు ఎవడు? సర్కారే బాగుచేయిస్తానని వచ్చినప్పుడు ఇంటి యజమాని ఏమన్నాడు? ఈ ప్రశ్నలు అడిగినవారు అరుదు.

పట్టణాల్లోని కిరాయి ఇండ్లను ప్రభుత్వం బాగుచేయబూనినప్పుడెల్లా యజమానులు తీసుకున్న వైఖరిని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఇందుకు బొంబాయి నగరాన్ని ఎన్నుకోవడానికి రెండు కారణాలున్నవి. ఒకటి: కరీంనగర్, ఆదిలాబాద్, నిజామాబాద్, పాలమూరు జిల్లాలనుంచి తరతరాలుగా వలసపోయిన శ్రామికులకు ఆ నగరం రెండవ ఊరు. దానికి 1995లో ముంబయి అనే పేరు అధికారికంగా వచ్చినా మన ఊళ్ళలో ఇప్పటికీ "బొంబాయి పోయినోళ్ళు" అనే అంటారు. రెండు: కిరాయి ఇండ్ల విషయంలో సర్కారు జోక్యానికి అక్కడ 125 ఏండ్లకు మించిన చరిత్ర వున్నది. ప్లేగు, యుద్ధం, సమ్మె, భూముల ధరల విజృంభణ - ప్రతిదశలోనూ యజమాని వైఖరి ఎట్లా మారిందో అక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

ఇంటి యజమాని ప్రభుత్వ జోక్యాన్ని ఎల్లప్పుడూ వ్యతిరేకిస్తాడని మనలో ఒక అభిప్రాయం వున్నది. చరిత్ర దీనిని సమర్థించదు. అతడు ఒకప్పుడు వ్యతిరేకించాడు, ఒకప్పుడు మౌనంగా వుండిపోయాడు, ఒకప్పుడు చేతులు చాచి ఆహ్వానించాడు. ఈ మార్పుల వెనుక మారని సూత్రం ఒకటి వున్నది. దానిని తెలుసుకోవడమే మనకు ముఖ్యం.

2

నిజాం రాజ్యంనుంచి బొంబాయికి పోయిన తెలుగు కూలీలను అక్కడివారు కామాఠీలన్నారు. అది ఒక కులం పేరు కాదు. రాళ్ళు మోసి, మట్టి తవ్వి, గోడలు లేపిన అనేక కులాల తెలుగువారికి మరాఠీ నగరం పెట్టిన ఉమ్మడి పేరు. పల్లపు నేలలను పూడ్చి నగరాన్ని విస్తరించిన కాలంలో వారు స్థిరపడిన పేటకు కామాఠీపుర అని పేరు వచ్చింది. తరువాతి కాలంలో బ్రిటిషు పాలనలో అక్కడ వేశ్యావాటిక పెరిగింది. ఆ పేరు వినగానే లోకానికి అదొక్కటే గుర్తుకువచ్చే స్థితి ఏర్పడింది. నగరాన్ని కట్టినవారి పేరు నగరపు అపకీర్తికి మారుపేరు కావడం చరిత్రలో ఒక క్రూరపరిహాసం.

కామాఠీలందరూ కూలీలుగానే మిగిలిపోలేదు. వారిలోనుంచి గుత్తేదారులు పుట్టుకొచ్చినారు. జ్యోతిరావు ఫూలే 1873లో స్థాపించిన సత్యశోధక సమాజానికి బొంబాయిలో అండగా నిలిచినవారిలో జాయా కరాడీ లింగు, వ్యంకు బాలాజీ కాళేవార్, రామయ్య వెంకయ్య అయ్యవారు వంటి తెలుగు ప్రముఖులు వున్నారు. ఇది మనం గర్వించదగిన విషయమే. ఐతే దీనిలో ఇంకొక సంగతి కూడా ఇమిడివున్నది. ఒకే భాష, ఒకే ప్రాంతం అయినంతమాత్రాన ఒకే వర్గం కాదు. వలసవచ్చిన సమాజంలో కూడా గోడ కట్టేవాడూ, కట్టించేవాడూ వేరుపడినారు. కిరాయి సంబంధాన్ని పరిశీలించేటప్పుడు ఈ భేదాన్ని మరువరాదు.

1896లో బొంబాయిలో ప్లేగు పుట్టింది. గాలీ వెలుతురూ లేని చాళ్ళలో - గదుల వరుసలుగా కట్టిన కిరాయి మేడలలో - అది కార్చిచ్చులా వ్యాపించింది. జనం నగరం విడిచి పారిపోయినారు, వర్తకం స్తంభించింది. అప్పుడుగాని పాలకులకు కూలీల గదులు కంటబడలేదు. 1898లో బొంబాయి నగరాభివృద్ధి ట్రస్టు ఏర్పడింది. ఇరుకుపేటలను స్వాధీనం చేసుకొని, కూల్చి, వెడల్పాటి వీధులూ ఆరోగ్యకరమైన ఇండ్లూ కట్టించడం దాని విధి. దాని తొలి పథకాల్లో కామాఠీపురకు పక్కనే వున్న నాగపాడా ఒకటి.

యజమానులు ఏమి చేసినారు? నగరపాలక సంస్థలో వారి బలం హెచ్చు. అప్పటి ఓటుహక్కు ఆస్తినిబట్టి, పన్నునుబట్టి వచ్చేది. ట్రస్టును వారు అక్కడ విమర్శించినారు, నష్టపరిహార న్యాయస్థానాల్లో పోరాడినారు. కాని ఆ పోరాటం ప్రధానంగా కూల్చివేత వద్దనే పోరాటం కాదు, ధరను గురించిన పోరాటం. ఇక్కడ ఒక వింత గమనించాలి. స్వాధీనం చేసుకొన్న భవనానికి పరిహారం లెక్కకట్టడంలో దానిపై వచ్చే కిరాయి ఒక ఆధారం. ఒక గదిలో నలుగురికి బదులు పదిమందిని కుక్కితే కిరాయి పెరుగుతుంది. కిరాయి పెరిగితే పరిహారం పెరుగుతుంది. అనగా ఏ ఇరుకుదనాన్ని రోగంగా ఎంచి ట్రస్టు పుట్టిందో, ఆ ఇరుకుదనానికే అది బహుమతి చెల్లించవలసి వచ్చింది. ట్రస్టు అధ్యక్షుడుగా పనిచేసిన జె. పి. ఆర్ ఈ చిక్కును గుర్తించి, భవనాలను మొత్తంగా కొనడానికి బదులు, గాలివెలుతురులకు అడ్డమైన భాగాలను యజమానులచేతనే సొంత ఖర్చుతో తీసివేయించే పద్ధతిని ప్రతిపాదించాడు. పరిహారం రాని ఈ సంస్కరణ యజమానులకు రుచించలేదు.

కిరాయిదారుకు దక్కినదేమిటి? కూల్చిన గదులతో సమానంగా కొత్తగదులు లేవలేదు. కూల్చిన పేటలోనివాడు పక్క పేటకు పోయి అక్కడి ఇరుకును పెంచినాడు. 1921 నాటికి కూడ నగర జనాభాలో సుమారు మూడింట రెండువంతులు ఒంటిగది నివాసాల్లోనే వున్నారు. 1920లో గవర్నరు జార్జ్ లాయిడ్ కాలంలో ప్రభుత్వమే అభివృద్ధిశాఖను స్థాపించి 50,000 గదులు కట్టదలచింది. వర్లి, నాయ్‌గావ్, డిలైల్ రోడ్డు, శివ్‌డీలలో 207 చాళ్ళతో ఆ పని ఆగిపోయింది. సర్కారు తానే యజమాని ఐనప్పుడు కూడా కిరాయి కూలివాని జేబుకు మించింది. కట్టిన గదులు చాలకాలం ఖాళీగా వున్నవి. యజమాని ప్రైవేటువాడా, ప్రభుత్వమా అన్న ప్రశ్న ఒక్కటే సమస్యను తీర్చదని ఈ ఘట్టం తెలియజేస్తుంది.

3

యుద్ధాలు కిరాయిల చరిత్రను మార్చినవి. మొదటి ప్రపంచయుద్ధకాలంలో కిరాయిల పెరుగుదలను అరికట్టడానికి 1918లో బొంబాయిలో చట్టం వచ్చింది. రెండవ యుద్ధానంతరం వచ్చిన 1947 నాటి బొంబాయి కిరాయి నియంత్రణ చట్టం పాత ఇండ్ల కిరాయిలను 1940 సెప్టెంబరు నాటి స్థాయి దగ్గర బిగించింది. యుద్ధకాలపు అవసరంగా మొదలైన ఈ బిగింపు దశాబ్దాలపాటు సడలలేదు. లక్షలాది కార్మిక కుటుంబాలు నగరం నడిబొడ్డున నిలబడగలిగినది ఈ చట్టంవల్లనే. మిల్లులకు నడిచిపోగల దూరంలో సిరిసిల్ల, జగిత్యాల పద్మశాలి కార్మికునికి గది దొరికిందంటే కారణం ఇదే.

యజమానుల ఫిర్యాదు ఇక్కడినుంచే ఆరంభమైనది. సిమెంటు ధర పెరిగింది, మేస్త్రీ కూలి పెరిగింది, కిరాయిమాత్రం పెరగలేదు. అందుచేత మరమ్మతు మావల్లకాదు అన్నారు. ఈ వాదనను అభ్యుదయవాదులు ఒక్కమాటతో తోసిపుచ్చడం న్యాయం కాదు. ఒకే చిన్న భవనం, నాలుగైదు గదులు, వాటిపై వచ్చే కొద్ది రూపాయలే జీవనాధారంగా వున్న యజమానులూ వున్నారు. వారి ఇబ్బంది నిజమైనది. నిలిచిపోయిన కిరాయిలను సమర్థించే నిబంధనలు కాలంతోపాటు అసమంజసమైనవని 1997లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. 1999 నాటి మహారాష్ట్ర చట్టం ఏటా నూటికి నాలుగు చొప్పున పెంపునకు అనుమతించింది.

ఐతే ఫిర్యాదులో చెప్పని భాగం ఒకటి వున్నది. దాని పేరు పగిడీ. గది చేతులు మారినప్పుడు కొత్తగా వచ్చేవాడు పెద్దమొత్తం ముట్టజెప్పాలి. అందులో కొంత ఖాళీచేసేవానికి, వాడుకనుబట్టి సుమారు మూడోవంతు యజమానికి. ఎందుకు? కిరాయి రసీదు కొత్తపేరుకు మార్చినందుకు. కిరాయి గడ్డకట్టింది గాని రసీదు ధర గడ్డకట్టలేదు. చట్టం కిరాయిని అదుపులో పెట్టితే యజమాని పేరుమార్పిడిని సరుకుగా మార్చినాడు. 1999 చట్టం ఈ పగిడీని నేరాల జాబితానుంచి తొలగించి చట్టబద్ధం చేసింది. కాబట్టి "కిరాయి చాలదు, మరమ్మతు చేయలేను" అన్నవారందరూ నిజంగా ఆదాయం లేనివారు కారు. వచ్చిన ఆదాయం గోడలోకి పోలేదు, అంతే.

4

దశాబ్దాలపాటు మరమ్మతుకు నోచుకోని చాళ్ళు వానాకాలం వానాకాలం కూలసాగినవి. బేడేకర్ కమిటీ సిఫారసుల అనంతరం 1969లో బొంబాయి భవనాల మరమ్మతు, పునర్నిర్మాణ మండలి చట్టం వచ్చింది. పాత కిరాయి భవనాలపై ఒక సుంకం వేయడం, ఆ సొమ్ముకు ప్రభుత్వం కొంత కలిపి మండలిచేత మరమ్మతు చేయించడం దీని విధానం. ఈ జాబితాలోకి వచ్చిన భవనాలు 19,642. అందులో 16,502 భవనాలు 1940 సెప్టెంబరుకు పూర్వం కట్టినవి. 1,489 భవనాలు 1950 వరకు, 1,651 భవనాలు 1969 వరకు కట్టినవి. 1977 నుంచి ఈ పని మహారాష్ట్ర గృహనిర్మాణ సంస్థ, అనగా మ్హాడా, కిందికి వచ్చింది.

ఈ దశలో యజమానుల వైఖరి విచిత్రమైనది. పెద్ద ఆందోళన లేదు, పెద్ద ఆహ్వానమూ లేదు. సుంకంలో ఎక్కువభాగం కిరాయిదారులమీదనే పడింది. దూలానికి టేకు పెట్టించేది మండలి, మెట్లు మార్పించేది మండలి. ఇల్లుమాత్రం యజమానిదే, కింది నేల యజమానిదే, రసీదు ఇచ్చే చెయ్యి యజమానిదే. ఆస్తిలోని హక్కు అతనివద్ద మిగిలింది, ఆస్తిలోని బాధ్యత సమాజానికి బదిలీ ఐనది. తన గోడను ఇతరుల సొమ్ముతో నిలబెట్టుతుంటే ఏ యజమాని వీధికెక్కుతాడు?

దీనిని ప్రజానుకూల చర్యగానే మనం అప్పుడు భావించినాము. అవును, ప్రజల ప్రాణాలు కాపాడే చర్యే. కాని ఇందులో వర్గసంబంధం మారలేదు. పైగా భవనం ఎంత శిథిలమైతే అంత నిధి, నిధి చాలనప్పుడు టేకులే శాశ్వతం అనే స్థితి ఏర్పడింది. దక్షిణ ముంబయి చాళ్ళలో మెట్లకింద నిలిచిన దుంగలు తాత్కాలిక ఏర్పాటుగా మొదలై తరాలు చూసినవి. 2017 ఆగస్టు 31న భేండీబజారులో హుసైనీ భవనం కూలి 30 మందికిపైగా మరణించినారు. 2019 జులైలో డోంగ్రీలో ఇంకొకటి కూలింది. మరమ్మతు చరిత్రను మరణాల జాబితా వెంటాడుతూనే వున్నది.

5

ఇంతవరకు మౌనంగా వున్న యజమానులు 1986లో మేల్కొన్నారు. ఆ యేడు మ్హాడా చట్టానికి ఒక కొత్త అధ్యాయం చేర్చబడింది. శిథిలమైన భవనంలోని నివాసుల్లో నూటికి 70 మంది సహకార సంఘంగా ఏర్పడి కోరితే, ప్రభుత్వం ఆ భవనాన్నీ దానికింది నేలనూ స్వాధీనం చేసుకొని సంఘానికి అప్పగించవచ్చు. యజమానికి చెల్లించవలసినది నెలకిరాయికి నూరు రెట్లు. అంటే ఎనిమిదేండ్ల నాలుగు నెలల కిరాయి. గదికి నెలకు 20 రూపాయలు అనుకుంటే ఆ గది ధర 2,000 రూపాయలు!

ఈ సూత్రం మనకు కొత్తది కాదు. 1950 నాటి హైదరాబాదు కౌలు, వ్యవసాయ భూముల చట్టం రక్షిత కౌలుదారు అనే హక్కుదారుణ్ణి సృష్టించింది. దున్నుతున్న భూమిని కౌలునుబట్టి కట్టిన ధరకు కొనే హక్కు అతనికి ఇచ్చింది. పొలంలో కౌలుకు ఇన్ని రెట్లు, చాల్‌లో కిరాయికి ఇన్ని రెట్లు: తర్కం ఒక్కటే. ఆస్తిని అనుభవించేవాడు అప్పటికే చెల్లించినదానిని లెక్కలోకి తీసుకొని, మిగిలిన కొద్ది మొత్తంతో అతణ్ణి హక్కుదారుగా చేయడం. పొలంలో దొరలు ఏమి చేసినారో మనకు తెలుసు. చట్టం అమలులోకి వచ్చేలోగా బేదఖళ్ళు, "స్వచ్ఛందంగా" వదులుకొన్నట్లు రాయించుకొన్న కాగితాలు. ఎ. ఎం. ఖుస్రో 1958లో ప్రచురించిన అధ్యయనం ఈ సంగతులను నమోదుచేసింది. పల్లెలో గుమాస్తా చేసిన పనిని నగరంలో న్యాయవాది చేసినాడు.

ముంబయి ఆస్తియజమానుల సంఘం ఈ అధ్యాయాన్ని హైకోర్టులో సవాలుచేసింది. 1991 డిసెంబరులో హైకోర్టు తోసిపుచ్చింది. 1992లో వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది. అసలు ప్రశ్న రాజ్యాంగంలోని 39వ అధికరణం (బి) ఖండికకు సంబంధించినది. సమాజపు భౌతిక వనరుల యాజమాన్యమూ అదుపూ అందరి మేలుకు ఉపకరించేటట్లు పంపిణీ జరగాలని ఆ ఖండిక ఆదేశం. ప్రైవేటు వ్యక్తి ఇల్లు సమాజపు భౌతిక వనరు అవుతుందా?

అవుతుందనే ఆలోచనకు బలమైన వారసత్వం వున్నది. కర్ణాటక బస్సుల జాతీయీకరణ కేసులో 1977లో జస్టిస్ వి. ఆర్. కృష్ణయ్యర్ ప్రైవేటు ఆస్తికూడ సమాజవనరుల్లో భాగమేనని రాసినాడు. 1982 డిసెంబరులో కోక్‌బొగ్గు పరిశ్రమల జాతీయీకరణ కేసులో మన తెలుగువాడు జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి ఆ అభిప్రాయాన్ని స్వీకరించి తీర్పు రాసినాడు. బెల్లంపల్లి, మందమర్రి, గోదావరిఖని బొగ్గుగనుల ప్రాంతంలో వుండే పాఠకులకు బొగ్గు సమాజవనరు అని వేరుగా చెప్పనవసరం లేదు. బొగ్గు తవ్వేవాడు పడుకొనే గదికి ఆ సూత్రం ఎంతవరకు వర్తిస్తుందన్నదే ఇక్కడ తలెత్తిన ప్రశ్న.

ఈ ప్రశ్న 1996లో ఐదుగురు న్యాయమూర్తులకు, 2001లో ఏడుగురికి, 2002లో తొమ్మండుగురికి నివేదించబడి, 2024 నవంబరు 5న తీరింది. ప్రైవేటు ఆస్తులన్నీ సమాజపు భౌతిక వనరులు కావు, కొన్ని కావచ్చు. ఆస్తి స్వభావం, కొరత, సమాజంపై దాని ప్రభావం మొదలైనవి చూసి తేల్చాలి అని ప్రధానన్యాయమూర్తి డి. వై. చంద్రచూడ్ రాసిన మెజారిటీ తీర్పు చెప్పింది. కృష్ణయ్యర్ అభిప్రాయం ఒక ప్రత్యేక ఆర్థిక సిద్ధాంతానికి కట్టుబడినదని విమర్శించింది. ఈ విమర్శను జస్టిస్ నాగరత్న తన వేరు తీర్పులో అంగీకరించలేదు. జస్టిస్ ధూలియా మొత్తంగానే భిన్నాభిప్రాయం ప్రకటించినాడు. 1986 నాటి అధ్యాయం చెల్లుతుందా లేదా అన్న సంగతిని ఈ తొమ్మిదిమంది ధర్మాసనం తేల్చలేదు; రాజ్యాంగ ప్రశ్నకే సమాధానమిచ్చింది.

తీర్పులోని మంచిచెడ్డలు న్యాయకోవిదులు చర్చిస్తారు. చరిత్ర విద్యార్థి గమనించవలసినది కాలాన్ని. 1992 నుంచి 2024 వరకు 32 సంవత్సరాలు. ఈలోగా నగరమే మారిపోయింది. 1982 జనవరిలో దత్తా సామంత్ నాయకత్వాన మొదలైన మిల్లు కార్మికుల సమ్మె విఫలమైన తరువాత మిల్లులు ఒకటొకటిగా మూతబడినవి. మిల్లు పొగగొట్టం వున్నచోట మేడలు లేచినవి. కొందరు మన పద్మశాలి కార్మికులు భివండి మగ్గాలవైపు మళ్ళినారు, కొందరు సిరిసిల్లకు తిరిగివచ్చినారు. కిరాయిదారుకు ఓటమి రావడానికి తీర్పు అక్కరలేదు, ఆలస్యమే చాలు.

6

కోర్టులో ఒకవైపు "నా ఆస్తిని ముట్టవద్దు" అన్న వర్గమే ఇంకొకవైపు సర్కారు పథకాన్ని కౌగిలించుకొన్నది. ఇందులో వైరుధ్యం లేదు. 1991 నాటి నగరాభివృద్ధి నిబంధనలు పాత సుంకపు భవనాల పునర్నిర్మాణానికి కొత్తదారి తెరిచినవి. ఒక స్థలంమీద ఎంత విస్తీర్ణం కట్టవచ్చుననే పరిమితిని సడలించి, పాత కిరాయిదారులకు ఉచితంగా గదులు ఇచ్చి, మిగిలిన అంతస్తులను బజారులో అమ్ముకోవచ్చునన్నారు. నివాసుల్లో నూటికి 70 మంది సమ్మతించాలి. ఈ సంఖ్యను తరువాత 51కి దించినారు. ఇప్పుడు యజమాని మరమ్మతుకు శత్రువు కాడు, బిల్డరుకు భాగస్వామి. నిన్నటిదాకా పైసా పెట్టలేనన్నవాడు నేడు ఇరవై అంతస్తుల నక్షాపై సంతకం చేస్తున్నాడు.

ఇప్పుడు మనం మొదట అన్న సూత్రాన్ని చెప్పుకోవచ్చు. యజమాని మరమ్మతును ఎప్పుడూ వ్యతిరేకించలేదు, ఎప్పుడూ సమర్థించలేదు. మరమ్మతువల్ల పెరిగే విలువ ఎవరికి చేరుతుందన్నదే అతని ప్రశ్న. ట్రస్టు పరిహారం పెంచితే కూల్చివేత సరే. మండలి సొమ్ముతో గోడ నిలిస్తే మౌనం. పెరిగే విలువ నివాసుల సహకార సంఘానికి పోతుందంటే 32 ఏండ్ల వ్యాజ్యం. అదే విలువలో తనకు వాటా దొరికితే భాగస్వామ్యం. వైఖరులు నాలుగు, ప్రయోజనం ఒక్కటి.

కామాఠీపురలో ఈ సూత్రం కళ్ళముందే పనిచేస్తున్నది. సుమారు 34 ఎకరాల ఆ పేటను మొత్తంగా పునర్నిర్మించే పనిని మ్హాడా చేపట్టింది. సుమారు 8,000 మంది కిరాయిదారులు, 800 మంది స్థలయజమానులు అందులో వున్నట్లు లెక్క. యజమానులకు స్థలం విస్తీర్ణాన్నిబట్టి 500 చదరపు అడుగుల ఇండ్లు ఇవ్వాలనేది ఏర్పాటు: 50 చదరపు మీటర్లవరకు ఒకటి, 100 వరకు రెండు, ఆపైన అదే లెక్క. యజమాని చేతిలో కాగితం వున్నది. కిరాయిదారు చేతిలో రసీదు వున్నది. ఈ రెండూ లేనివాని సంగతి?

ఇక్కడనే మన జిల్లాలవారి కష్టం ఇమిడివున్నది. చాల్‌లో పడుకొన్న ప్రతివాడూ కిరాయిదారు కాడు. పగటి పాళీవాడు లేచిన చాపమీద రాత్రి పాళీవాడు వాలిన గదులు మిల్లుకాలంలో అసంఖ్యాకం. రసీదు ఒకని పేర, బతుకులు పదిమందివి. నిజాం కాలపు భూమి వ్యవహారాల్లో పట్టాదారుకింద పేరుకెక్కకుండా సాగుచేసే శిక్మీదారు ఎట్లాంటివాడో, నగరంలో రసీదుదారు కింద వుండే వలసకూలి అట్లాంటివాడు. గది మధ్యలో తెర కట్టుకొని బతికే స్త్రీ, దుకాణం వెనుక నిద్రపోయే వంటవాడు, మేస్త్రీ గదిలో చోటుపొందిన బేల్దారు - వీరెవ్వరూ నూటికి 70 మందిలోనూ లేరు, 51 మందిలోనూ లేరు. వారి సమ్మతి అడిగినవారు లేరు, వారి అసమ్మతి నమోదుచేసిన దఫ్తరు లేదు. 2020 లాక్‌డౌన్‌లో ముంబయి, భివండిలనుంచి మన ఊళ్ళకు దారిపట్టినవారిలో ఇట్లాంటివారే అధికం. ఆ యేడు జులైలో కేంద్రప్రభుత్వం వలస కార్మికులకు చౌక కిరాయి సముదాయాల పథకం ప్రకటించింది. వారు నగరంలో ఎక్కడ నివసిస్తున్నారో సర్కారుకు అప్పుడు జ్ఞాపకం వచ్చింది. ప్లేగు వస్తే ట్రస్టు, మహమ్మారి వస్తే పథకం.

7

ఇదంతా దూరపు నగరం కథ అనుకోరాదు. కరీంనగర్ 2005లో నగరపాలక సంస్థ ఐనది, 2017లో స్మార్ట్ సిటీ జాబితాలోకి వచ్చింది. రామగుండం కూడా నగరపాలక సంస్థే. రోడ్లు వెడల్పైతే ముందువరుస దుకాణాల విలువ పెరుగుతుంది. ఆ విలువతోపాటు వెనుకగదుల కిరాయి పెరుగుతుంది. నగరాభివృద్ధి ప్రణాళికల్లో స్థలయజమానికి నోటీసు వుంటుంది, పరిహారం వుంటుంది. కిరాయిగదిలోని విద్యార్థికి, హమాలీకి, ఒప్పంద కార్మికునికి ఏముంటుంది? 1960 నాటి ఆంధ్రప్రదేశ్ కిరాయి నియంత్రణ చట్టాన్ని 2005లో సవరించినప్పుడు, నగరపాలక సంస్థల పరిధిలో నెలకు 3,500 రూపాయలు, ఇతరచోట్ల 2,000 రూపాయలు మించిన కిరాయిలను దాని రక్షణనుంచి తప్పించినారు. నేటి కిరాయిలతో పోల్చితే ఈ రేఖకింద మిగిలేవి ఎన్ని గదులు? 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా కిరాయి చట్టం కిరాయి మొత్తాన్ని ఉభయుల ఒప్పందానికి వదిలింది. ఇంటికోసం వెదికేవాడూ, ఇల్లు వున్నవాడూ సమానబలులన్న ఊహపై అది నిలిచివున్నది.

బొంబాయి చరిత్రనుంచి మనం తీసుకోవలసిన పాఠాలు మూడు. మొదటిది, కిరాయిని బిగించి మరమ్మతును గాలికి వదలడం ప్రజానుకూల విధానం కాదు. కిరాయి నియంత్రణా, ప్రజానిధితో మరమ్మతూ జంటగా సాగాలి; చిన్న యజమానిని ఆదుకొనే ఏర్పాటు అందులో వుండాలి. లేకపోతే అతడు పెద్ద బిల్డరు పంచన చేరతాడు. రెండవది, ప్రజాధనంతో పెరిగిన విలువలో ప్రజలకు వాటా వుండాలి. సర్కారు వేసిన రోడ్డువల్ల, సడలించిన నిబంధనవల్ల పెరిగిన ధరను యజమాని శ్రమఫలంగా లెక్కించడం అర్థశాస్త్రం కాదు. మూడవది, లెక్క గదులనుబట్టి గాక మనుషులనుబట్టి జరగాలి. పట్టా, రసీదు ఏదీ లేనివాని పేరుకూడ నమోదయ్యేదాకా ఏ పునర్నిర్మాణమూ సమగ్రం కాదు.

మన విద్యార్థులూ ఉపాధ్యాయులూ చేయదగిన పని ఇందులో వున్నది. మన విశ్వవిద్యాలయాల్లో కౌలుపై పరిశోధనలు జరిగినట్లు కిరాయిపై జరగలేదు. కరీంనగర్, మంచిర్యాల, గోదావరిఖని, సిరిసిల్ల, కాగజ్‌నగర్ పట్టణాల్లో వీధివీధికీ తిరిగి ఎవరు ఎవరి ఇంట్లో ఏ షరతుపై వున్నారో, ఎన్నిసార్లు ఖాళీచేసినారో, సున్నం ఎవరు కొట్టించినారో రాసిపెట్టవచ్చు. కౌలుదారు సమస్యను ఒకప్పుడు మనం పల్లెల్లో తిరిగే తెలుసుకొన్నాము. దున్నేవానికి భూమి అన్న మాటను ఈ నేల లోకానికి వినిపించింది. వుండేవానికి ఇల్లు అన్న మాటకు ఇంకా రూపం రాలేదు. ఆ రూపం న్యాయస్థానాల్లో దానంతటది తయారు కాదని 32 ఏండ్ల వ్యాజ్యం రుజువుచేసింది.